పానకాలు ఆన్‌లైన్‌లో ఉన్నాడు

సత్తెనపల్లి నుంచి తాటిగుంటపాలెం పోయే రోడ్డులో, ఊరు ఇంకో అర కిలోమీటరు ఉందనగా ఎడమ చేతి వైపు ఒక రేకుల షెడ్డు కనబడుతుంది. పానకాలు కారం మిల్లు. మూతబడి మూడేళ్లయింది. పగటి పూట దాని ముందు నుంచి పోతే తుమ్ములొస్తాయి, అంతే. గోడల్లో ఇంకా కారం ఉంది. రాత్రి పూట మాత్రం ఎవరూ పోరు. తప్పనిసరైతే హారన్ మీద వేలు పెట్టి, మొహం పత్తిచేల వైపు తిప్పుకుని పోతారు.

ఎందుకంటే... ఆ మిల్లులో ఎవరో లెక్కపెడతారు.

"ఒకటి..."

కాసేపు ఆగి —

"రెండు..."

మూడు మాత్రం ఎవరూ వినలేదు. మూడు విన్నవాడు బతకడని ఊళ్లో గట్టి నమ్మకం. విని బతికొచ్చినవాడు ఒక్కడూ లేడు కాబట్టి, అబద్ధమనడానికీ లేదు.

ఆ మధ్య మార్టూరు నుంచి గ్రానైట్ పలకలు తెస్తున్న లారీ డ్రైవరొకడు ఈ సంగతి తెలియక, సరిగ్గా మిల్లు గోడ పక్కనే బండి ఆపి దిగాడు. లుంగీ ఎత్తాడో లేదో, లోపల్నుంచి ఆడగొంతు. గుసగుసగా... కసిగా...

"వదలొద్దు... మెడ పట్టుకో... లేవనివ్వకు!"

లారీ అక్కడే, చెప్పులు అక్కడే. మనిషి మాత్రం పక్క చేలో, మిరపకాయల కల్లంలో కాపలా పడుకున్న రైతుల మధ్యకు దూరిపోయాడు. తెల్లారి వాళ్లు లేపితే ముందు మెడ తడిమి చూసుకున్నాడట.

మిల్లు ఓనరు పానకాలు పోయింది కూడా ఆ మిల్లులోనే. ఒక శనివారం రాత్రి, ఆఫీసు గదిలో, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే. గుండె ఆగిందన్నాడు డాక్టరు. కళ్లు తెరిచే ఉన్నాయి, ఎదురుగా ఎవరినో చూస్తున్నట్టు ఉన్నాయి అన్నారు మోసినవాళ్లు. ఆ 'ఎవరో' ఇంకా లోపలే ఉందని ఊరు తీర్మానించుకుంది.

ఇదంతా నాకు చెప్పింది నాగూర్ వలి. సత్తెనపల్లిలో ఒక చిన్న కేబుల్ ఆపరేటరు దగ్గర లైన్‌మన్. చుట్టుపక్కల ఎనిమిది ఊళ్ల ఇంటర్నెట్టు అతనే చూస్తాడు. ఉరుములొస్తున్నా స్తంభం ఎక్కుతాడు కానీ, చీకటి పడితే మాత్రం తాయెత్తు తడుముకుంటాడు. మా డాబా మీద వైరు లాగుతూ, "ఎవరికీ చెప్పనంటే చెబుతానండీ" అన్నాడు. చెప్పనన్నాను.

జరిగిందేంటంటే...

తాటిగుంటపాలెంలో చర్చి వెనక సందులో మహిమ అని ఒకమ్మాయి ఉంది. ఇరవై మూడేళ్లు. తల్లి జయకుమారి మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి పోతుంది. అంతకు ముందు పదకొండేళ్లు ఆ కారం మిల్లులోనే జల్లెడ పట్టింది. దగ్గు పట్టుకుంది గానీ, కూతుర్ని డిగ్రీ చదివించింది.

మహిమకు రెండు నెలల కిందట ఇంట్లోంచే చేసే ఉద్యోగం వచ్చింది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి అయిదు దాకా. ఎక్కడో అమెరికాలో డాక్టరు రోగితో మాట్లాడుతుంటే ఇక్కడ చెవిలో వింటూ, రోగం వివరాలు అప్పటికప్పుడు టైపు చెయ్యాలి. డాక్టరు ఆగడు. నెట్టు ఆగితే మందు పేరు ఎగిరిపోతుంది.

ఆగింది.

ఒక మంగళవారం అర్ధరాత్రి దాటాక, డాక్టరు గొంతు ముక్కలు ముక్కలైపోయింది. "మోకా... నొప్... రెండు పూట..." ఏ మందు రెండు పూటలా? తర్వాతి మంగళవారం కూడా అంతే. ఫోన్ సిగ్నల్ పట్టుకుని లాగిద్దామంటే, ఆ సందులో ఒక గీత వస్తే పండగ.

పైన చూసుకునే నగ్మా మేడమ్ ఫోన్ చేసింది. మంచి మనిషే, కానీ ఆమె పైన ఇంకొకరున్నారు.

"మహిమా, మూడోసారి తెగితే నా చేతిలో ఉండదమ్మా. ప్రొబేషన్‌లో ఉన్నావు. వచ్చే రెండు మంగళవారాలు నీ డ్యూటీ ఇంకొకరికి వేస్తా. ఈలోగా నీ లైను ఎక్కడ ఆగుతోందో టెస్టులు చేసి, ఆ తర్వాతి సోమవారానికి రిపోర్టు పంపు. బాగుచేయించగలిగితే ఉంటావు. లేకపోతే..."

లేకపోతే ఏంటో ఆమె చెప్పలేదు. కోల్డ్ స్టోరేజీలో అమ్మ పక్కన ఇంకో పీట, అంతే.

ముందు నాగూర్ వలిని పిలిచింది. అతను మధ్యాహ్నం పూట వచ్చాడు. ఫోన్లో స్పీడ్ టెస్టు పెడితే ముల్లు సర్రున లేచి ఇరవై తొమ్మిది మీద నిలబడింది.

"చూశావా అమ్మాయ్? ఈ సందు మొత్తానికి మేమిచ్చేది ముప్ఫై. ముప్ఫై వచ్చేసింది. నీ లాప్‌టాప్‌లోనే ఏదో ఉంది."

"రాత్రి పన్నెండున్నరకు చూడు వలన్నా."

"రాత్రి... నేను రాను."

"ఎందుకని?"

"మీ సందుకు లైను ఎక్కడ్నుంచి వస్తుందో తెలుసా?" గొంతు తగ్గించాడు. "మిల్లులోంచి. మా పెట్టె ఆ మిల్లు వసారాలోనే ఉంది. పానకాలు గారు బతికున్నప్పుడు పెట్టనిచ్చారు. పగలైతే నేనూ ముట్టుకుంటా... రాత్రి మాత్రం నా వల్ల కాదు తల్లీ."

దాంతో మహిమ తనే కూర్చుంది. లాప్‌టాప్‌లో నల్ల తెర ఒకటి తెరిచి పింగ్ కొట్టడం మొదలుపెట్టింది. జయకుమారి వంగి చూసింది. "ఏంటే అది, చీమల బారులాగా?"

"మనం ఇక్కడ్నుంచి 'ఓయ్' అంటే అవతలి మిషను 'ఆఁ' అంటుంది. ఎంతసేపటికి పలికిందో ఈ అంకె చెబుతుంది. ముప్ఫై వస్తే వెంటనే పలికినట్టు. వెయ్యి దాటితే నసుగుతున్నట్టు."

"అసలు పలక్కపోతే?"

"చచ్చినట్టు."

రెండు వారాలు ప్రతి రాత్రీ ఆ అంకెలు నోటుపుస్తకంలో రాసింది. సోమవారం బాగుంది. బుధ, గురు, శుక్రవారాలు బాగున్నాయి. మంగళవారం రాత్రి పన్నెండూ నలభైకి ముప్ఫై కాస్తా తొమ్మిది వందలైంది, పదిహేను వందలైంది, ఆ తర్వాత జవాబే లేదు. రెండూ ఇరవైకి మళ్లీ ముప్ఫై, ఏమీ జరగనట్టు. శనివారం రాత్రి కూడా అంతే — పన్నెండూ నలభై నుంచి రెండూ ఇరవై దాకా.

నోటుపుస్తకం చూపిస్తే వలి ఆశ్చర్యపోలేదు. "మంగళవారం, శనివారం. మరి వాటికి ఆ రెండే కదమ్మా పట్టింపు."

"దెయ్యం రెండూ ఇరవైకి డ్యూటీ దిగుతుందా అన్నా?"

వలి ఆలోచనలో పడ్డాడు.

లైను ఆగిన వేళలోనే మహిమ ఇంకో పరీక్ష చేసింది. మన మాట ఏయే మజిలీల మీదుగా పోతుందో వరసగా చూపించే కమాండు ఒకటుంది. మొదటి మజిలీ ఇంట్లో పెట్టె — రెండు. రెండో మజిలీ మిల్లులో పెట్టె — అయిదు. చక్కగా పలుకుతోంది. మూడోది సత్తెనపల్లి ఆఫీసు — అక్కడ అంకె లేదు. చుక్కలే.

అంటే మిల్లు దాకా బాగానే పోతోంది. మిల్లు దాటనివ్వకుండా ఎవరో పట్టుకుంటున్నారు.

ఆ మాట పైకి అన్నాక మహిమ లేచి కిటికీ మూసింది. తను దెయ్యాలను నమ్మదు. కానీ చుక్కలు కళ్ల ముందున్నాయి.

శనివారం వచ్చింది. మహిమకు ఆ రాత్రి సెలవు. వలికి ఫోన్ చేసింది. "పన్నెండింటికి రా. రాకపోతే, లైన్‌మన్ భయపడి రాలేదని రిపోర్టులో రాసేస్తా. అది నగ్మా మేడమ్ నుంచి మీ ఓనరుకు పోద్ది."

వలి వచ్చాడు. చేతికి రెండో తాయెత్తు ఉంది.

ఇద్దరూ బయల్దేరుతుంటే జయకుమారి తలుపు దగ్గరకు వేసి వెంట నడిచింది. ఒక చేతిలో టార్చి. రెండో చేతిలో గుప్పెడంత పొట్లం.

"అదేంటమ్మా?"

"దెయ్యమైతే ప్రార్థన చేస్తా. మనిషైతే కళ్లల్లో కారం కొడతా."

చంద్రుడు లేడు. రోడ్డుకు రెండు పక్కలా ఏరగా మిగిలిన పత్తి చీకట్లో తెల్లతెల్లగా... ఎవరో గుంపుగా కూర్చుని చూస్తున్నట్టు. ఎక్కడో కల్లంలో ఒక కుక్క మొరిగి, సగంలో ఆపేసింది. వలి బండి స్టార్టులోనే ఉంచి, దాన్ని పట్టుకుని నడిపిస్తున్నాడు. ఎందుకంటే "మళ్లీ స్టార్టు కాకపోతే?" అన్నాడు.

మిల్లు గోడ దగ్గర ఆగారు.

పన్నెండూ ముప్ఫై ఎనిమిది. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. వలి పెట్టె వైఫైకి కలిపిన మహిమ ఫోన్లో పింగ్ — ముప్ఫై రెండు... ముప్ఫై... ముప్ఫై ఒకటి...

పన్నెండూ నలభై.

నాలుగు వందలు... పదకొండు వందలు...

ఆఫీసు గది కిటికీకి గోతాలు కట్టి ఉన్నాయి. ఆ గోతాల చిరుగుల్లో నీలం వెలుతురు వచ్చింది. వచ్చి... పోయి... మళ్లీ వచ్చింది. లోపల ఎవరో కళ్లు ఆర్పుతున్నట్టు.

అప్పుడు వినిపించింది.

"పట్టుకో... ఆఁ, అట్లాగే... నడుం విరగ్గొట్టు..."

జయకుమారి ప్రార్థన మొదలుపెట్టింది. పొట్లం మాత్రం కింద పెట్టలేదు.

"ఒకటి..."

వలి తల బండి సీటు మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"రెండు..."

జయకుమారి పొట్లం విప్పింది.

"...అబ్బా! ఛీ!"

దెయ్యం ఛీ అనడమేంటి? మహిమ వలి భుజం కదిపింది. "అన్నా... మీ పెట్టె మీద ఇప్పుడు ఎవరెవరున్నారో చూసే యాప్ ఉందిగా. తియ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

వలి తీశాడు. జాబితా వచ్చింది. మహిమ ఇంటి పెట్టె. పాస్టరు గారి ఇల్లు. ఇంకో నాలుగిళ్లు — అందరూ నిద్రలో ఉన్నారు, పక్కన సున్నాలు. చిట్టచివర ఒకే ఒక్క పేరు ముందు పచ్చ చుక్క వెలుగుతోంది. ముప్ఫైలో ఇరవై ఆరు దాని పక్కనే ఉంది.

వలి ఆ పేరు చదివాడు. ఇంకోసారి చదివాడు. బండి వదిలేశాడు. అది పక్కకు ఒరిగి, ఇంజను ఆగిపోయింది.

"పానకాలు..." అన్నాడు. "మూడేళ్ల కింద నేనే మోశానమ్మా ఆయన్ని... ఆన్‌లైన్‌లో ఉన్నాడు!"

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో స్పష్టంగా ఉంది. పానకాలు. పన్నెండూ నలభై నుంచి.

ఆ క్షణంలో తనూ నమ్మేశానని మహిమ తర్వాత ఒప్పుకుంది. కానీ సోమవారం గుర్తొచ్చింది. నోటుపుస్తకం నిండా రాసుకున్న అంకెలు గుర్తొచ్చాయి.

"ఆ పేరు నొక్కితే ఆపెయ్యొచ్చు కదా?"

"దెయ్యాన్ని బ్లాక్ చెయ్యమంటావా?"

"నువ్వు నొక్కుతావా, నన్ను నొక్కమంటావా?"

వలి ఫోన్ ఆమె చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. మహిమ నొక్కింది.

పచ్చ చుక్క ఎర్రబడింది.

కిటికీలో నీలం వెలుతురు మిణుకు మిణుకుమని... గడ్డకట్టినట్టు ఆగిపోయింది. లోపల గొంతు కూడా ఆగింది. పింగ్ ముప్ఫైకి పడింది.

తర్వాత... కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు. గొళ్లెం కదిలింది. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది —

తెల్లచీర. విరబోసిన తెల్ల జుట్టు. చేతిలో ఏదో పొడుగ్గా, నల్లగా. గడప మీద నిలబడి చీకట్లోకి మొహమెత్తి...

"ఒరేయ్ వలీ! సచ్చినోడా! సరిగ్గా వాడు పైకెక్కి దూకేటప్పుడే పోవాలంట్రా నీ దిక్కుమాలిన నెట్టు!"

వలి అక్కడికక్కడే కూలబడ్డాడు. దెయ్యానికి తన పేరు తెలుసు. ఊరికే తెలియడం కాదు, కంప్లయింటు కూడా ఉంది.

జయకుమారి టార్చి వేసింది. ఎత్తిన పొట్లం అలాగే ఆగింది.

"...అమ్మగారూ?"

వెంకటేశ్వరమ్మ. పానకాలు భార్య. అరవై ఎనిమిదేళ్లు. ఊళ్లో భజన మండలి ఆవిడ చేతి మీదుగానే నడుస్తుంది. ఆడపిల్ల రోడ్డు మీద గట్టిగా నవ్వితే ఆగి మందలించే మనిషి. చేతిలో ఉన్నది టీవీ రిమోట్.

నలుగురూ ఒకరినొకరు చూసుకున్నారు. అందరికన్నా ముందు తేరుకున్నది ఆవిడే.

"ఎవరికీ చెప్పొద్దే జయకుమారీ," అంది. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గర ఉందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

లోపలికి రమ్మంది. ఆఫీసు గదిలో గోడంత టీవీ. తెర మీద చెమటతో మెరుస్తున్న ఇద్దరు పహిల్వాన్లు — ఒకడు తాళ్ల మీద నుంచి దూకుతూ గాల్లోనే ఆగిపోయి ఉన్నాడు. ఆ ఆటలో కింద పడ్డవాడు మూడు లెక్కపెట్టేలోపు లేవకపోతే ఓడినట్టు; ఎక్కువసార్లు రెండుకే లేచిపోతాడు.

కుస్తీ అంటే పానకాలుకు ప్రాణం. పెళ్లయిన కొత్తలో ఆవిడకు అసహ్యం, ఆ తర్వాత అలవాటు, ఆ తర్వాత ఆయన కంటే ఎక్కువ పిచ్చి. పనివాళ్లు వెళ్లి మిల్లు ఆగాక, మంగళ, శనివారాల్లో అర్ధరాత్రి వచ్చే ఆట కోసం ఇద్దరూ ఇక్కడే కూర్చునేవారు. ఇంట్లో పిల్లల ముందు బాగుండదని ఆయనే ఈ టీవీ కొని, తన పేరే పెట్టి, చోటిచ్చినందుకు బిల్లు లేకుండా వలి పెట్టెకు కలిపించాడు. ఆయన పోయింది కూడా అట్లాంటి ఒక ఆట మధ్యలోనే.

"నేను పక్కనే ఉన్నా. ఆట అయ్యాక లేపుదామని చూస్తే..." ఆవిడ రిమోట్‌ను చీర కొంగుతో తుడిచింది. "ఇంట్లో కోడలు సీరియళ్లు పెడుతుంది. భజన చేసే ముసలిది కుస్తీ చూస్తానంటే ఏమనుకుంటారు? తాళంచెవి నా దగ్గరే ఉంది. పొలాలకు అడ్డంపడి నడిచొస్తా. దారిలో మనుషులు భయపడి తప్పుకుంటుంటే... నాకూ మంచిదేలే అనుకున్నా."

మహిమ తన నోటుపుస్తకం సంగతి చెప్పింది. ఉద్యోగం సంగతి చెప్పింది. వెంకటేశ్వరమ్మ మొహం మాడిపోయింది. "నీ నోటి దగ్గర కూడు లాగానా తల్లీ? నాకేం తెలుసు, ఇదీ అదీ ఒకే గొట్టమని? ఇంక రాను. తాళం వేసేస్తా."

మహిమ రిమోట్ అడిగి తీసుకుంది. టీవీ బొమ్మను అన్నిటికన్నా ఎక్కువ నాణ్యతలో పెట్టి ఉంచారు పానకాలు గారు. రెండు మెట్లు కిందకు దించింది. వలి తెప్పరిల్లి లేచి, యాప్‌లో మహిమ ఇంటికి పదిహేను ఎప్పుడూ విడిగా ఉండేట్టు కట్టేశాడు. ఎర్ర చుక్కను మళ్లీ పచ్చ చేశారు. గాల్లో ఆగిన పహిల్వాను ధబేలుమని కింద పడ్డాడు.

"బొమ్మ కొంచెం పలచబడింది," అంది వెంకటేశ్వరమ్మ కళ్లు చికిలించి.

"కనపడుతోందిగా బామ్మగారూ?"

"మనుషులు కనపడుతున్నారు. చెమట కనపట్టం లేదు." కాసేపు చూసి, సర్దుకుంది. "పోన్లే. వాళ్లు కష్టపడుతున్నట్టు మనమే అనుకుందాం."

మహిమ స్పీడ్ టెస్టు పెట్టింది. పదిహేను. పింగ్ ముప్ఫై నాలుగు. మూడుసార్లు పెట్టింది, మూడుసార్లూ అంతే. నాలుగోసారి పెట్టబోతుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. కారం గాలికే అంది.

సోమవారం రిపోర్టు పోయింది. కారణం అన్న గడిలో మహిమ చాలాసేపు ఆలోచించి, 'పాత కనెక్షన్ ఒకటి, సరిచేశాం' అని రాసింది. మంగళవారం రాత్రి డాక్టరు గొంతు తొమ్మిది నుంచి అయిదు దాకా ఒక్క ముక్క పోకుండా వినబడింది. నెల తిరిగేసరికి ఉద్యోగం పక్కా అయింది.

కానీ వలి నాకు చెప్పాలనుకున్నది ఇది కాదు. వైరు చుట్ట కింద పెట్టి, డాబా గోడ మీద కూర్చుని చెప్పాడు.

ఆ రాత్రి వాళ్లు తిరిగి వచ్చేయబోతుంటే జయకుమారి గడప దగ్గరే నిలబడి తెర వంక చూస్తోంది. పదకొండేళ్లు ఆ మిల్లులో పనిచేసినా ఆ గదిలో ఎప్పుడూ అడుగుపెట్టలేదామె. జీతం కూడా కిటికీలోంచే అందుకునేది. లోపల రెండే కుర్చీలు. ఒకటి వెంకటేశ్వరమ్మది. రెండోది మూడేళ్లుగా ఖాళీ.

"ఆ ఎర్ర చెడ్డీవాడు మోసం చేస్తున్నాడు," అంది జయకుమారి ఉన్నట్టుండి. "వెనక చేత్తో తాడు పట్టుకున్నాడు చూడండి."

వెంకటేశ్వరమ్మ తిరిగి చూసింది. ఆమెనీ, కుర్చీనీ. కొంగుతో సీటు మీద దుమ్ము దులిపింది.

"నిలబడి ఎంతసేపు చూస్తావే? కూర్చో."

జయకుమారి కూర్చోలేదు. వెంటనే కూర్చోలేదు. ఎర్ర చెడ్డీవాడు ఇంకోసారి తాడు పట్టుకున్నాక కూర్చుంది.

"ఇప్పుడు ఊళ్లో ఏమంటున్నారో తెలుసాండీ?" అన్నాడు వలి. "మిల్లులో దెయ్యాలు రెండైనయ్యంట. కొత్తది పాతదానికంటే దుర్మార్గురాలంట. అది లెక్క కూడా పెట్టదు, డైరెక్టుగా 'చంపు' అంటదంట. మొన్న పత్తి వ్యాపారి ఒకాయన కారు తిప్పుకుని, చుట్టూ పన్నెండు కిలోమీటర్లు వేసుకుని ఊళ్లోకొచ్చాడు."

"నీకు తెలుసు కదా వలీ, వాళ్లెవరో. నువ్వు మాత్రం ఆ దారినే వస్తుంటావుగా?"

వలి నిచ్చెన భుజాన వేసుకున్నాడు. తాయెత్తు ఒకసారి తడుముకున్నాడు.

"జయకుమారి గారు కుస్తీ చూస్తూ అరవడం మీరు వినలేదండీ," అన్నాడు. "తెలిసినా నేను ఆ దారిన రాను."